ఇంటికి పోయే ఆట

ఆ ఆట మళ్ళీ వచ్చిందట. బొమ్మలు కొత్తగా గీసి, సంగీతం మార్చి, ఒకప్పుడు జనం ఛీ కొట్టిన వీడియో గేమ్‌నే ఇప్పుడు మళ్ళీ అమ్ముతున్నారట. మా స్టాఫ్‌రూములో కొత్తగా చేరిన లెక్కల మాస్టారు తన ఫోను నా ముందు పెట్టి, "చూడండి మేడం, ఎంత బాగా చెప్తున్నాడో" అన్నాడు.

తెరమీద ఒక కుర్రాడు. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు, వెనకాల రంగురంగుల లైట్లు. విజయవాడ వైపువాడు. ఆటల మీద వీడియోలు చేసి బాగా పేరు తెచ్చుకున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ చెప్తున్నాడు: "ఫ్రెండ్స్, అప్పట్లో ఈ గేమ్‌ని ఎవరూ అర్థం చేసుకోలేదు. ఇది ఓడిపోయే ఆటా కాదు, గెలిచే ఆటా కాదు ఫ్రెండ్స్. ఇంటికి పోయే ఆట."

ఆ మాట వాడిది కాదు. ఆ మాట మొదట అన్న మనిషి చనిపోయి ఏడాది దాటింది. ఆవిడ అన్న రోజున అందరికంటే గట్టిగా నవ్వినవాడు వీడే. ఫోను తిరిగిచ్చేసి క్లాసుకు వెళ్ళిపోయాను. ఆ గంటలో బోర్డు మీద ఏం రాశానో నాకే తెలియదు.

గుంటూరులో ఒక ఇంటర్ కాలేజీలో ఆవిడ ఫిజిక్స్ చెప్పేది, నేను కెమిస్ట్రీ. ఇద్దరం కలిసి మిర్చి యార్డుకు దగ్గర్లో ఒక మేడమీద పోర్షన్ అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. సీజన్లో గాలి అటునుంచి తిరిగితే ఇంట్లో తుమ్ములే తుమ్ములు. ఆవిడ మాత్రం తుమ్మేది కాదు. దర్శి దగ్గర పల్లెలో, మిరప కళ్ళాల మధ్య పెరిగిన మనిషి. నాకంటే బాగా పెద్దది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఆ సంగతి ఇప్పుడెందుకు, అక్కడ పప్పు మాడుతోంది చూడు" అనేది. పొయ్యి మీద పప్పు ఉండేది కాదు.

సామాను దించిన రోజున పుస్తకాల అట్టపెట్టెలు, గోంగూర జాడీ, కుక్కరు అన్నీ ఆటోవాడి చేత పైకి మోయించి, ఒక దూది బొంత మూటని మాత్రం తనే చంటిబిడ్డలా ఎత్తుకుని మెట్లెక్కింది. అందులో ఏ దేవుడి విగ్రహమో ఉందనుకున్నాను. విప్పితే నల్లటి పెట్టె, రెండు రిమోట్లు, వైర్లు.

"మీకు ఆటలు ఇష్టమా మేడం?" అన్నాను ఆశ్చర్యంగా.

"అన్నీ కాదు. ఎవరికీ నచ్చనివి" అంది, వైర్ల చిక్కు తీసుకుంటూ.

వేళాకోళం అనుకున్నాను. కాదు. బ్రాడీపేటలో పాత డిస్కులు అమ్మే కొట్టు ఒకటుండేది. అందరూ కొత్తగా ఏం వచ్చిందని అడుగుతుంటే, ఈవిడ ఏం వెనక్కొచ్చిందని అడిగేది. ఆ కొట్టతను ఈవిడని చూడగానే బల్ల కింద నుంచి ఒకటి తీసేవాడు. "మీకోసం పక్కన పెట్టా మేడంగారూ. తీసుకెళ్ళిన ప్రతివాడూ బూతులు తిట్టి మరీ వెనక్కిచ్చాడు." ఈవిడ ముఖం వెలిగిపోయేది. సారె తీసుకున్నట్టు రెండు చేతులా అందుకునేది.

ఆదివారం మధ్యాహ్నం, కాలేజీ వాళ్ళు వదిలిన ఆ ఒక్క పూట, ఆవిడది. భోంచేసి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, చీర కొంగు దోపుకుని, ఒడిలో తువ్వాలు పరచుకుని, దాని మీద రిమోట్ పెట్టుకునేది. పేపర్లు దిద్దేటప్పుడు ఎంత నిటారుగా కూర్చుంటుందో అంత నిటారుగా కూర్చునేది. టీ పక్కన పెడితే చల్లారిపోయేది. ఆ చల్లారిన టీనే చివర్లో ఒక్క గుక్కలో తాగి "బాగుంది" అనేది.

నిజం చెప్పాలంటే ఆ ఆటల్లో కొన్ని నిజంగానే చెత్త. ఒక క్రికెట్ ఆటలో బంతి బ్యాటులోంచి దూరిపోయేది. ఇంకోదాంట్లో గుర్రం గోడెక్కి అక్కడే ఆగిపోయేది. నేను పగలబడి నవ్వితే ఆవిడకు కోపం వచ్చేది.

"నవ్వుతావేం? చేసినవాళ్ళకి టైమిచ్చుండరు. ఈ గోడ దగ్గరికి వచ్చేసరికి ఎవడో వచ్చి 'ఇక చాలు, అమ్మేద్దాం' అనుంటాడు. చూడు, ఇటుపక్క గడ్డి ఎంత శ్రద్ధగా గీశారో. అటుపక్క ఏమీ లేదు. పాపం, ఇక్కడిదాకా వచ్చి ఆపేశారు."

"మంచి ఆటలు బోలెడున్నాయిగా అక్కా. అవి ఆడొచ్చుగా?" అప్పటికి మేడం పోయి అక్క అయింది.

"మంచివాటిని మెచ్చుకోటానికి బోలెడుమంది ఉన్నారమ్మాయ్. అక్కడ నేనెందుకు?"

ఆవిడ అంత సుళువైన మనిషి కాదు. రిమోట్ ఎవరికీ ఇచ్చేది కాదు. పక్కన కూర్చుని చూస్తానంటే, చూసినంతసేపూ చూడాలి. ఒకసారి కునుకు పట్టిందని నన్ను గిల్లి లేపింది. గెలుపు గురించి మాట్లాడేవాళ్ళంటే ఆవిడకు చులకన, అది దాచుకోవడం కూడా తెలియదు. మా కాలేజీలో గెలుపు తప్ప వేరే మాటే లేదు. వారం వారం ర్యాంకుల ప్రకారం సెక్షన్లు మార్చేవాళ్ళు, బెంచీలు మార్చేవాళ్ళు. స్టాఫ్ మీటింగుల్లో అందరూ చప్పట్లు కొడుతుంటే ఈవిడ చేతులు కట్టుకుని కూర్చునేది. అది కొందరు బాగా గుర్తుపెట్టుకున్నారు.

అన్నిటిలోకీ ఆవిడ ప్రాణం పెట్టింది ఇప్పుడు మళ్ళీ అమ్ముతున్న ఆ సైనికుడి ఆట మీద. డబ్బా మీద తుపాకీ పట్టుకున్న సైనికుడి బొమ్మ, వెనకాల మంటలు. కుర్రాళ్ళు యుద్ధం అనుకుని ఎగబడి కొన్నారట. తీరా ఆట మొదలయ్యేసరికి యుద్ధం అయిపోయి ఉంటుంది. తుపాకీలో గుళ్ళు ఉండవు. వాడు నడుచుకుంటూ ఇంటికి పోవాలి. అంతే. పరిగెత్తిస్తే పడిపోతాడు. కాళ్ళు బొబ్బలెక్కితే కూర్చోబెట్టాలి. దారిలో తలుపులు కొట్టి నీళ్ళడగాలి. కొందరిస్తారు, కొందరు తలుపు తీయరు. పాయింట్లు లేవు, లెవెళ్ళు లేవు. దాన్ని కొన్నవాళ్ళు పెట్టిన తిట్లు ఈవిడ ఫోనులో చదివి, తెలుగులో నాకు వినిపించేది. "వీడు చూడు, 'నా డబ్బులు తగలేశారు, వీళ్ళ చేతులు పడిపోను' అంటున్నాడు. ఒక్కణ్ణి కూడా చంపనివ్వలేదని ఏడుపు!" అని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వేది. తర్వాత రిమోట్ తీసుకుని సైనికుడితో, "పద నాయనా, పద" అనేది.

కొన్నాళ్ళకి తనే ఒక ఛానెల్ పెట్టింది. ముఖం కనబడదు. తెరమీద ఆట నడుస్తుంటుంది, వెనక ఈవిడ గొంతు. క్లాసులో చెప్పినట్టే, తొందర లేకుండా. "ఇప్పుడు ఇతన్ని కాసేపు కూర్చోనిద్దాం. కాళ్ళు నొప్పి పుడుతున్నాయి పాపం. ఎదురుగా చేను చూడండి, కోత అయిపోయింది. ఇది ఓడిపోయే ఆటా కాదు, గెలిచే ఆటా కాదు. ఇంటికి పోయే ఆట." ఆ వీడియోలు ఇలా ఉండేవి. చూసేవాళ్ళు పెద్దగా లేరు. కువైట్‌లో డ్రైవరుగా చేస్తున్న ఒకాయన మాత్రం ప్రతిదానికీ కింద రాసేవాడు: "పని అయ్యాక మీ వీడియో పెట్టుకుంటాను మేడం. మా ఊళ్ళో ఎవరో మాట్లాడుతున్నట్టుంటది." ఆ మాట నాకు చదివి వినిపించిన రోజున ఆవిడ కూర చేయడం మర్చిపోయింది. పచ్చడి వేసుకుని తిన్నాం.

ఆ విజయవాడ కుర్రాడికి ఆ ఛానెల్ ఎలా దొరికిందో తెలియదు. ఆవిడ మాటల్ని ముక్కలు కోసి, మధ్యమధ్యలో గురకలు కలిపి, "నిద్రమాత్ర మేడం" అని పేరుపెట్టి వదిలాడు. రెండు రోజుల్లో గుంటూరంతా తిరిగింది. మా కాలేజీ పిల్లలకి గొంతు గుర్తుపట్టడం ఎంతసేపు?

మర్నాడు ఆవిడ క్లాసుకెళ్ళి చాక్‌పీసు పట్టుకోగానే, గదిలో అందరూ ఒక్కసారిగా బల్లల మీద తలలు వాల్చి గురకలు పెట్టారట. పక్క గదిలో ఉన్న నాకు ఆ చప్పుడు వినపడింది కూడా. ఏమిటో అనుకున్నాను. ఆవిడ వాళ్ళు ఆపేదాకా అలాగే నిలబడి, ఆపాక ముందు రోజు లెక్క ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి చెప్పిందట. ఆ సంగతి ఒక పిల్ల నాతో చెప్పింది. ఆవిడ చెప్పలేదు.

తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలైంది. కరస్పాండెంటుగారి నుంచి పిలుపొచ్చింది. కాలేజీ ఆయనదే. ఒకే పోర్షన్‌లో ఉంటున్నాం కాబట్టి నన్ను కూడా రమ్మన్నారు. గది నిండా ర్యాంకర్ల ఫొటోలు. కూర్చోమనలేదు.

"ఏంది మేడం ఇదంతా? పేరెంట్స్ ఫోన్లు చేసి చంపుతున్నారు. ఫిజిక్స్ మేడం వీడియో గేములు ఆడుద్దంటగా అని."

"ఆదివారం ఆడతానండి. ఇంట్లో."

"ఆడితే ఆడారు, ఆ ఆటేందండీ అసలు? చేతిలో తుపాకీ ఉండీ కాల్చడంట. నడుస్తానే ఉంటాడంట. మన కాలేజీ అంటే గెలుపు. ఓడిపోయే ఆటలు ఆడే మేడం చదువు చెప్తందంటే జనంలోకి ఏం మెసేజ్ పోద్ది?"

"సర్, అది ఆవిడ సొంత సంగతి కదండీ. క్లాసులో ఏం లోటు చేశారని?" అన్నాను నేను.

"మిమ్మల్ని అడిగినప్పుడు చెప్పండి మేడం" అన్నాడాయన నా వైపు చూడకుండా.

ఆవిడ గొంతు సవరించుకుంది. వీడియోలో చెప్పిన మాటే అక్కడా చెప్పింది. "ఓడిపోయే ఆట కాదండీ. గెలిచే ఆటా కాదు. ఇంటికి పోయే ఆట."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "అయితే మీరూ పోతారా మరి, ఇంటికి?"

ఆవిడ ఇప్పుడు ఏదో ఒకటి అంటుంది, సంచి తీసుకుని వచ్చేస్తుంది అనుకున్నాను. అంత మాట పడే మనిషి కాదు. కానీ ఆవిడ చేతిసంచిలోంచి ఫోను తీసింది. కళ్ళజోడు పెట్టుకుంది. ఆయన బల్ల ముందు నిలబడి ఒక్కొక్క వీడియో చెరిపేయడం మొదలుపెట్టింది.

"అక్కా, ఆగు" అన్నాను.

ఆగలేదు. చెరిపేసినప్పుడల్లా ఫోను అడుగుతుంది కదా, నిజంగానే తీసేయాలా అని. ప్రతిసారీ అవునంటూ నొక్కింది. అన్నీ అయ్యాక ఫోను ఆయన వైపు తిప్పి చూపించింది.

"గుడ్" అన్నాడాయన. "క్లాసుకెళ్ళండిక."

మెట్ల దగ్గర ఆవిణ్ణి ఆపి, ఎందుకలా చేశావని గట్టిగా అడిగాను. నాకు ఏడుపొస్తోంది. ఆవిడకు రావడం లేదు.

"ఈ వయసులో నాకు ఇంకో కాలేజీ ఎవడిస్తాడే?" అంది. కళ్ళజోడు తీసి సంచిలో పెట్టుకుంటూ, "ఆ కువైటాయన ఏమనుకుంటాడో" అంది. తర్వాత క్లాసుకు వెళ్ళిపోయింది.

అంతా చెరిపేసినా ఉద్యోగం నిలవలేదు. ఆ వేసవిలో ప్రిన్సిపాల్ ఫోను చేసి, ఈ ఏడాది సెక్షన్లు తగ్గాయి మేడం అన్నాడు. నిజానికి పెరిగాయి. నరసరావుపేటలో ఒక కాలేజీకి ఇంటర్వ్యూకి వెళితే, అవతల కూర్చున్నాయన ముందు పేరు అడగలేదట. "మీరేనా ఆ నిద్రమాత్ర మేడం?" అన్నాడట. వినుకొండలో ఇంకోచోట కబురు చేస్తామన్నారు, చేయలేదు. ఆవిడ సామాను సర్దుకుని తమ్ముడింటికి, దర్శి పక్క పల్లెకు వెళ్ళిపోయింది. ఆ బొంత మూటను ఈసారి ఆటోవాడికే ఇచ్చింది.

మరుసటి ఏడు మిరపకాయల కాలంలో చూడ్డానికి వెళ్ళాను. ఇంటి పక్కనే కళ్ళం. కళ్ళు మండేంత ఎరుపు. టార్పాలిన్ పట్టా నీడలో, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, కూలీల మధ్య కూర్చుని తాలు కాయలు ఏరుతోంది. రంగు పోయి తెల్లబడిన కాయల్ని తాలు అంటారు. అవి కలిస్తే మంచికాయకు రేటు పడిపోతుంది. నన్ను చూసి లేవలేదు. "రా అమ్మాయ్, కూర్చో. దుమ్ము లాగుద్ది, కొంగు అడ్డం పెట్టుకో" అంది.

"ఆడుతున్నావా అక్కా?"

"ఎక్కడ? అటక మీద పడేశారు. దాన్ని తగిలిస్తే టీవీ పాడైపోద్దంట, మా మరదలు చెప్పింది." కాయలు ఏరుతూనే ఉంది. "పాడవదు. ఒకసారి చెప్పా. రెండోసారి చెప్పలా."

"ఇక్కడి పిల్లలకి ట్యూషన్లు చెప్పొచ్చుగా?"

"చెప్పా కొన్నాళ్ళు. గురక పెట్టటం వాళ్ళక్కూడా వచ్చు."

ఆవిడకు ఇష్టమైన సంగతి కదా అని అడిగాను. "ఆ సైనికుడి ఆట నువ్వు చివరిదాకా ఆడావుగా. అతను ఇల్లు చేరతాడా?"

"చేరతాడు" అంది. ఒక తాలు కాయ పక్కకు విసిరింది. "తలుపు కొడతాడు. లోపలివాళ్ళు తీసి, 'ఎవరు నువ్వు?' అంటారు. అంతే. ఇక ఆట చేసినవాళ్ళ పేర్లు పడతాయి."

"అంతేనా?"

"అందుకేగా అంత తిట్టారు." తువ్వాలు కిందికి లాగి, వచ్చినప్పట్నుంచీ మొదటిసారి నా ముఖంలోకి చూసింది. "పేర్లు పడటం అయిపోయాక కూడా కట్టేయకుండా ఉంటే, అతను ఆ మెట్ల మీదే కూర్చుని బూట్లు విప్పుకుంటాడు. చాలాసేపు విప్పుకుంటాడు. అంతసేపు ఎవరూ ఉండరు కాబట్టి ఎవరికీ తెలియదు."

ఇంట్లోంచి మరదలు కేకేసింది, "వొదినా, కూలోళ్ళకి మజ్జిగ పొయ్యాల!" అని. ఆవిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది. నన్ను భోజనానికి ఉండమనలేదు. ఉండమనే ఇల్లు తనది కాదని ఆవిడకు తెలుసు.

తర్వాత రెండు మూడుసార్లు ఫోనులో మాట్లాడాను. అంతే. జ్వరం వచ్చిందట. ఊళ్ళో సెలైన్ ఎక్కిస్తే తగ్గుతుందనుకున్నారట. ఒంగోలు తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. నాకు తెలిసేసరికి దహనం కూడా అయిపోయింది. పెద్దకర్మకు వెళ్ళాను.

ఊరి మొదట్లోనే ఆవిడ కనబడింది. రెండు కర్రలకు కట్టిన పెద్ద ఫ్లెక్సీ మీద. "అశ్రునివాళి" అని పైన. కింద మా కాలేజీ పేరు. ఆవిడ ఫొటో పాత ఐడీ కార్డులోది, గుండ్రంగా కత్తిరించి ఒక మూలకు పెట్టారు. దానికి రెండింతలు కరస్పాండెంటుగారి ఫొటో, దండం పెడుతూ. అడుగున ఫోను నంబర్లు. "అడ్మిషన్లు జరుగుచున్నవి."

ఇంటిముందు షామియానా. తమ్ముడు ఎదురొచ్చాడు. మంచివాడే, కష్టపడేవాడే. "చూశారా మేడం, కాలేజీవాళ్ళు ఎంత మర్యాద చేశారో! మనిషిని పంపి మరీ కట్టించారు. ఊళ్ళో అందరూ అనుకుంటన్నారు, మా అక్కకి ఇంత పేరుందా అని."

"వాళ్ళేగా ఆవిణ్ణి తీసేసింది" అన్నాను.

"ఇప్పుడా సంగతులెందుకమ్మా" అన్నాడు మెల్లిగా. "తనకీ ఆ ఆటల పిచ్చి లేకపోతే బాగుండేది. చదువుకుంది గానీ లోకం తెలియలా."

భోజనాలు సగంలో ఉండగా పడమటి వైపు నల్లగా కమ్మింది. చూస్తుండగానే గాలి, దుమ్ము. ఎవరో "కాయలు! కాయలు!" అని అరిచారు. జనం విస్తళ్ళ ముందు నుంచి లేచి కళ్ళంలోకి పరిగెత్తారు. ఎండబెట్టిన మిరపకాయలన్నీ పారలతో రాశులు పోస్తున్నారు. పట్టాలు చాలలేదు. సగం పట్టాలు భోజనాల పందిరికి కట్టి ఉన్నాయి. పెద్ద చినుకులు మొదలయ్యాయి.

"ఒరేయ్, ఆ ఫ్లెక్సీ పీక్కు రండ్రా!" అని తమ్ముడు కేక పెట్టాడు.

ఇద్దరు పరిగెత్తి తాళ్ళు కోసి తెచ్చారు. "బొమ్మ కిందికెయ్యండి, తెల్లది పైకి" అన్నాడు తమ్ముడు. గాలికి ఎగిరిపోతుంటే ఒక మూల నేను పట్టుకుని రాయి పెట్టాను. అది ఆవిడ ఫొటో ఉన్న మూలే. వాన జోరందుకుంది. అందరం అరుగు మీదికి చేరి, తడిసిన బట్టలతో చూస్తూ నిలబడ్డాం.

వెలిశాక తమ్ముడు వెళ్ళి ఫ్లెక్సీ ఎత్తి, లోపలికి చెయ్యి పోనిచ్చి గుప్పెడు కాయలు తీసి నలిపి చూశాడు. పొడిగా గలగలలాడాయి. నా వైపు తిరిగాడు. ముఖంలో నిజమైన సంతోషం.

"కాలేజీవాళ్ళ పుణ్యమా అని గట్టి గుడ్డ వేయించారు మేడం" అన్నాడు. "ఒక్క కాయ తడవలా."